ఆటలో అరటిపండు

ఇవాళ ఎవరినైనా "ఆటలో అరటిపండు" అంటే లెక్కలో లేనివాడని అర్థం. కమిటీలో పేరుండి మాట చెల్లని పెద్దమనిషికీ, పెళ్ళిపందిట్లో అటూ ఇటూ తిరిగే మావయ్యకీ అదే బిరుదు. గోదావరి కాలవగట్ల ఊళ్ళలో ఒకప్పుడు అది వెక్కిరింపు కాదు, ఆటలో ఒక స్థానం. బాగా చిన్నవాడికి, జ్వరం నుంచి లేచినవాడికి, సెలవులకి అమ్మమ్మగారింటికొచ్చి వీధిపిల్లల గోల చూసి అరుగు స్తంభం వెనక నక్కినవాడికి ఆ స్థానం ఇచ్చేవారు. "రారా, నువ్వు అరటిపండువి" అంటే చాలు. వాడు ఆటలో ఉన్నాడు, కానీ ఓడిపోడు.

ఈమధ్య తల్లిదండ్రులు "మావాడు ఆటలంటే ముడుచుకుపోతాడండి, ఏం చెయ్యాలి?" అని అడుగుతున్నప్పుడల్లా ఆ వీధి పద్ధతులే గుర్తొస్తాయి. వాటిని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. పదేళ్ళవాళ్ళు ఎనిమిదేళ్ళవాళ్ళకి నేర్పారు. అందులో చాలావరకు ఇప్పటికీ పనికొచ్చేదే, కొంత మాత్రం వదిలేయాల్సిందే.

అరటిపండుకి రూల్సు వేరు. దొంగ ముట్టుకున్నా అవుట్ కాదు. దాగుడుమూతల్లో ముందు దొరికినా దొంగ పెట్టరు. వాడే ఎవరినైనా పట్టుకుంటే మాత్రం ఊరికో లెక్క. ఒక వీధిలో ఆ పట్టు చెల్లుతుంది, పక్క వీధిలో "తూచ్" అనేస్తారు. చెల్లడమే సరైన పద్ధతి. తను అవుట్ అవడు, అవతలివాణ్ణి అవుట్ చెయ్యగలడు అన్నప్పుడు ఎంత పిరికిపిల్లాడికైనా కాలు ఊరుకోదు. తూచ్ అన్నచోట రెండ్రోజుల్లో విసుగొచ్చి ఇంటికెళ్ళిపోతాడు.

అరటిపండుకి పని కూడా ఉండాలి, ఆ పని నిజంగా ఆటకి కావలసింది అవ్వాలి. ఏడు పెంకులాటలో పెంకులు ఏరి, పెద్దది అడుగున చిన్నది పైన వచ్చేలా పేర్చే పని వాడిదే. కర్రాబిళ్ళలో కొట్టిన దూరాన్ని కర్రతో కొలిచి లెక్క చెప్పే పని వాడిదే. అయితే వాణ్ణి కొట్టేవాడికి ఎదురుగా మాత్రం నిలబెట్టకూడదు. బిళ్ళ రెండు కొసలూ చెక్కి ఉంటాయి, లేచిందంటే కంటి ఎత్తుకే వస్తుంది, కొత్తవాడికి తప్పుకోవడం తెలీదు. కొట్టేవాడి వెనక, కనీసం అయిదారు అడుగుల దూరంలో నిలబడితే కర్ర వెనక్కి తిప్పినా తగలదు.

ఇక దొంగని ఎంచడం. ముగ్గురు ఎదురెదురుగా నిలబడి చేతులు కలిపి పైకి ఊపి, ఒక్కసారిగా అరచెయ్యి వెల్లకిలానో బోర్లానో వేస్తారు. ఇద్దరివి ఒకలా, ఒకడిది వేరుగా పడితే వేరుగా పడ్డవాడు పండు, పక్కకి తప్పుకుంటాడు. ముగ్గురివీ ఒకలా పడితే మళ్ళీ వెయ్యాలి. చివరికి ఇద్దరు మిగిలితే అప్పటికే పండినవాడొకడు సాయంగా చెయ్యి వేస్తాడు. దీన్నే పంటలేసుకోవడం అంటారు. ఇందులో బలం, వేగం, తెలివి, దేనితోనూ పనిలేదు. ఊళ్ళో గట్టి ఆటగాడే దొంగ అవ్వచ్చు. బెరుకుగా ఉన్నవాడు పక్కవాళ్ళ చేతులు చూసి ఒక క్షణం ఆలస్యంగా వేస్తాడు. అది చూసి "తొండి, తొండి" అని అందరూ అరిస్తే వాడు మళ్ళీ రాడు. వాడి కోసం "ఒకటీ, రెండూ, మూడూ" అని పైకి లెక్కపెట్టి వేస్తే సరిపోతుంది.

జట్లు పంచేటప్పుడే అసలు చిక్కు. ఇద్దరు నాయకులు నిలబడి "నాకు వీడు, నాకు వాడు" అని ఏరుకుంటూ పోతే చివర ఒకడు మిగులుతాడు. రోజూ వాడే మిగులుతాడు. బళ్ళో డ్రిల్లు పీరియడ్ అనగానే కడుపునొప్పి వచ్చే పిల్లల్లో సగంమందికి ఆ నొప్పి ఇక్కడే మొదలవుతుంది. అది నాటకం కాదు, నిజంగానే వస్తుంది. వీధుల్లో దీనికి విరుగుడు ఉండేది. నాయకులిద్దరూ పక్కన నిలబడతారు. మిగిలినవాళ్ళు ఇద్దరిద్దరు జతకట్టి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని దూరంగా వెళ్ళి గుసగుసగా పేర్లు పెట్టుకుంటారు. ఒకడు మావిడికాయ, ఒకడు పనసతొన. తిరిగొచ్చి "మావిడికాయ కావాలా, పనసతొన కావాలా?" అంటారు. ఒక నాయకుడు కోరుకుంటాడు, రెండోది రెండోవాడికి. వచ్చేది ఎవరో వాళ్ళకి ముందు తెలీదు, కాబట్టి ఎవడూ మిగులు కాదు. కిటుకంతా జతల్లోనే ఉంది. పరుగులో సమానమైనవాళ్ళే జత కట్టాలి. అలా కడితే జట్లు కూడా వాటంతటవే సరితూగుతాయి. గట్టివాడూ మెత్తవాడూ జతయితే, గట్టివాడు నాయకుడికి కన్ను గీటి పేరు చెప్పేస్తాడు, దాంతో మొత్తం చెడుతుంది. పిల్లలతో ఆటలాడించే మాస్టార్లు ఈ ఒక్కటి మళ్ళీ మొదలుపెట్టినా చాలు.

అరటిపండుగా ఎన్నాళ్ళు ఉంచాలన్నదానికి తేదీ లేదు. ఎక్కువ రోజులు ఉంచితే అదే వాడి పేరయిపోతుంది, పదో తరగతిలోనూ అలాగే పిలుస్తారు. గుర్తు ఒకటే. ఏదో ఒక సాయంత్రం వాడు మధ్యలో నిలబడిపోయి, "నన్ను ముట్టుకున్నాడు, నేను అవుటే" అని గొడవపెడతాడు. మిగతావాళ్ళు "నువ్వు అరటిపండువిరా, అవుట్ లేదు" అన్నా వినడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటాయి. ఆ రోజే వాణ్ణి అసలు లెక్కలో కలిపెయ్యాలి. మర్నాటికి వాయిదా వెయ్యకూడదు.

నీళ్ళ దగ్గరికొస్తే ఇంత తేలిక కాదు. 1852 లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు ఊరూరికీ పాకాయి. కోనసీమలోనైనా, పశ్చిమాన నరసాపురం వైపైనా బడికెళ్ళే దారిలో నీళ్ళు తగలని పిల్లలు తక్కువ. ఇక్కడ ఈత ఆటా అవుతుంది, ప్రాణానికి కాపలా కూడా అవుతుంది. అందుకే నీళ్ళంటే బెదిరే పిల్లాణ్ణి ఇంట్లో వదిలేసేవారు కాదు. ఏడో ఎనిమిదో ఏడు వచ్చేసరికి రేవుకి తీసుకెళ్ళేవారు.

దానికీ ఒక కాలం ఉంది. జూన్‌లో కాలవ వదిలాక సార్వా, అంటే వానాకాలం పంట, నీళ్ళు నిండుగా వస్తాయి. వరదల రోజుల్లో వచ్చే ఎర్రనీళ్ళలో అడుగు కనిపించదు, మెట్టు ఎక్కడుందో పెద్దవాళ్ళకే తెలీదు. అప్పుడు నేర్పకూడదు. కార్తీకం దాటితే నీళ్ళు తేరుకుంటాయి కానీ పొద్దున్నే పళ్ళు టకటకమంటాయి. చలికి బిగుసుకున్న పిల్లాడికి ఏమీ రాదు. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు నడిచే రోజుల్లో, ఎండెక్కాక పదింటికో, సాయంత్రం నాలుగింటికో నేర్పడం సుఖం. వేసవిలో మరమ్మతులకి కాలవ కట్టేశాక ఊరి చెరువే గతి. మంచినీళ్ళ చెరువులో మాత్రం ఎవరూ దిగరు. కాలవ కట్టేముందు తాగడానికి నింపుకున్న నీళ్ళవి, అందులో కాలు పెడితే ఊరంతా తిడుతుంది.

తేలడానికి సాయం కొబ్బరికాయలు. ఒలవని కాయలు రెండు తీసుకుని, ఒక్కోదానికీ తొడిమ వైపు నుంచి వేలెడు వెడల్పు పీచుపట్టీని సగందాకా చీల్చి, తెంపకుండా ఆ రెండు పట్టీలనీ ముడివేస్తారు. అదే జత. కాయ బాగా ముదిరి ఎండినదవ్వాలి. చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళు తక్కువై గిలక్కొట్టినట్టు చప్పుడు రావాలి. బొండాం అయితే నిండా నీళ్ళతో బరువుగా ఉండి నీళ్ళలో సగానికి పైగా మునుగుతుంది, పిల్లాడి బరువు మొయ్యదు. పీచుపట్టీ సన్నగా చీల్చితే కాలవ మధ్యలో తెగుతుంది. అందుకని తెలిసినవాళ్ళు ముడి మీద ఇంకో కొబ్బరితాడు కూడా చుట్టేవారు. ఎండిన ఆనపకాయ బుర్రా పనికొస్తుంది. పాదు మీదే ఎండనిచ్చి, గింజలు గలగలమన్నాక కొయ్యాలి. వెంట్రుకవాసి పగులున్నా నీళ్ళు చేరి మెల్లగా బరువెక్కుతుంది, తేడా తెలిసేసరికి ఆలస్యమవుతుంది. అరటిబోదె ముక్క చాలా బాగా తేలుతుంది కానీ రెండు మూడు రోజుల్లో కుళ్ళుతుంది. పైగా దాని జిగురు లాగూకి అంటితే మరక చచ్చినా పోదు, ఇంట్లో తిట్లు ఖాయం. లారీ ట్యూబు వచ్చాక ఇవన్నీ మూలపడ్డాయి. ట్యూబులో పిల్లాడు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటాడు, కాళ్ళు ఆడించే అవసరమే రాదు. నెలరోజులు ట్యూబులో తేలినా ఈత రానివాళ్ళున్నారు. గాలి పట్టే పిన్ను పక్కటెముకల్ని గీరేస్తుంది. చిన్నవాళ్ళయితే చేతులు పైకెత్తినప్పుడు మధ్యలోంచి జారిపోతారు కూడా.

జతని ఎక్కడ పెట్టాలన్నదే ముఖ్యం. ముడి రొమ్ము కిందికి వచ్చి, చంక పక్కన చెరో కాయ ఉండాలి. నడుముకి కట్టామా, నడుం తేలి తల మునుగుతుంది. పొట్ట కిందికి జారినా అంతే. అందుకే కట్టిన తర్వాత మోకాలిలోతు నీళ్ళలో ఒకసారి బోర్లా పడుకోబెట్టి, జారుతోందో లేదో చూసుకుని గానీ లోతుకి తీసుకెళ్ళేవారు కాదు.

మొదటి రోజు ఈత అన్న మాటే ఎత్తరు. రేవు మెట్ల మీద నడుంలోతులో కూర్చోబెడతారు, అంతే. చెంబుతో నెత్తిన నీళ్ళు పోసుకోమంటారు. రెండో రోజు నోరు నీళ్ళలో పెట్టి బుడగలు ఊదమంటారు. ఇది పిల్లలాటలా కనిపిస్తుంది కానీ సగం ఈత ఇదే. బెదిరినవాడు ఊపిరి బిగబట్టి తల ముంచుతాడు. పైకి లేవగానే ఆ ఒక్క క్షణంలోనే గాలి వదలాలి, పీల్చాలి. రెండూ కుదరక నీళ్ళు మింగేస్తాడు. నీళ్ళలోనే గాలి వదిలేస్తే పైకొచ్చాక పీల్చుకోవడమొక్కటే పని. బుడగలు వరసగా పది, పదిహేను వచ్చేదాకా ముందుకు వెళ్ళకూడదు.

ఆ తర్వాత మెట్టు అంచు రెండు చేతులతో పట్టుకుని వెనక కాళ్ళు ఆడించాలి. మోకాలు మడిచి సైకిల్ తొక్కినట్టు కొడితే నీళ్ళు చిమ్ముతాయి తప్ప మనిషి కదలడు. తుంటి దగ్గర్నుంచి, కాలు చాచి, మడమ నీటి పైకి కాస్త కనిపించేలా కొట్టాలి. తల ఎత్తితే కాళ్ళు దిగుతాయి. భయపడ్డవాడు ఎప్పుడూ తల ఎత్తే ఉంచుతాడు, కాళ్ళు దిగిపోతున్నకొద్దీ ఇంకా భయపడతాడు. "గడ్డం నీళ్ళకి ఆనించరా" అని వందసార్లు చెప్పడం కన్నా, అడుగున ఒక ఇత్తడి గిన్నె పెట్టి దాన్ని చూస్తూ కాళ్ళాడించమంటే తల దానంతటదే వంగుతుంది.

అప్పుడు జత కట్టి, పొట్ట కింద అరచెయ్యి పెట్టి రేవుకి అడ్డంగా నాలుగడుగులు తీసుకెళతారు.

"మావయ్యా, వదలకు."

"వదల్లేదురా. ఇదిగో, నా చెయ్యి నీ పొట్టకి తగుల్తోందా?"

"తగుల్తోంది."

"ఇప్పుడు ఒక్క వేలే పెడతాను. పెట్టనా?"

పిల్లాడు సరేనన్నాకే నాలుగు వేళ్ళు తీస్తారు. ఆ మాటలో మోసం ఉండకూడదు. "వదల్లేదు, వదల్లేదు" అంటూనే చెయ్యి తీసేసి, వాడు నాలుగడుగులు వెళ్ళాక "చూశావా, నువ్వే వెళ్ళావు" అని చప్పట్లు కొట్టేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాడు ఆ రోజు నవ్వుతాడు. మర్నాడు మీ చేతిని నమ్మడు, మెడ పట్టుకు వేలాడతాడు. దాంతో ఆ సీజను మొత్తం పోయినట్టే.

జత మీద ధీమా వచ్చాక ఒక కాయ తీసేసి ఒక్కదానితోనే ఈదిస్తారు. దాన్ని చేతులు చాచి ముందు పట్టుకోవాలి. ఆ తర్వాత ఆ కాయని నీళ్ళలో రెండు గజాల దూరం విసిరి అందుకోమంటారు. పిల్లాడు అందుకోవాలన్న ధ్యాసలో రెండు గజాలూ ఉత్తచేతులతోనే వెళ్ళిపోతాడు. మెత్తగా నేర్చుకున్నవాడికి పదిహేను ఇరవై రోజులు పట్టవచ్చు. చిన్నపిల్లల్ని ఒక్కో పూట ఇరవై నిమిషాలకి మించి నీళ్ళలో ఉంచకూడదు. పెదాలు నీలంగా మారితే అంతకు ముందే ఆపెయ్యాలి. పైకొచ్చాక తల తుడిచి ఏదో ఒకటి తినిపించాలి. నీళ్ళలోంచి వచ్చిన ఆకలి ముందు చద్దన్నం, ఆవకాయ బద్ద కూడా పెళ్ళిభోజనమే. మర్నాడు రేవుకి రప్పించేది చాలాసార్లు ఆ ముద్దే.

ఇంకో పద్ధతి కూడా ఉండేది, దాన్ని ముద్దుగా తలుచుకోవడం అనవసరం. వెనకనుంచి వచ్చి కాలవలోకి తోసెయ్యడం. "కాళ్ళూ చేతులూ కొట్టుకుంటే అదే వస్తుంది" అనేవారు. అలా వచ్చినవాళ్ళే ఆ కథ చెబుతారు. జన్మలో మళ్ళీ మోకాలిలోతుకి దిగనివాళ్ళు ఆ కథ చెప్పరు, అంతే తేడా.

కొన్నిచోట్లకి ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. లొల్ల లాంటి ఊళ్ళలో కాలవ నీళ్ళని తలుపులతో ఆపే లాకుల దగ్గర, ఆ తలుపుల కింద నీళ్ళు సుడి తిరుగుతాయి. తూము నోరు మనిషిని లాగేస్తుంది. వంతెన స్తంభం వెనక ప్రవాహం ఎదురు తిరుగుతుంది. వంతెన మీంచి దూకడం పెద్దపిల్లలకి సరదా, కానీ కాలవలో నీళ్ళు వంతులవారీగా తగ్గినప్పుడు నిన్నటి లోతు ఇవాళ ఉండదు. గౌతమి, వసిష్ఠ పాయల్లో ఇసుకమేటలు చూడటానికి చదునుగా ఉంటాయి, ఒక్క అడుగు దాటితే నిలువులోతు. నేర్చుకునేవాడికి ఏరు వద్దు. రేవులో మెట్ల మీద ఒక పొడుగు తాడు, ఇంకో కొబ్బరిజత ఎప్పుడూ పడి ఉండేవి. ఎవరైనా మునుగుతుంటే ముందు అవి విసరాలి. ఏదీ లేకపోతే పంచె విప్పి కొస విసరాలి. ఈత రాకుండా దూకితే పోయేది ఇంకో ప్రాణం.

ఇవాళ చాలా కాలవల్లో ఊరి మురుగు, గుర్రపుడెక్క, సీసాపెంకులు. పిల్లల్ని అందులోకి దింపమని ఎవరూ చెప్పరు. పట్టణాల్లో ఈత కొలనులున్నాయి, కోచ్‌లున్నారు. అయినా బుడగలు, మెట్టు, వేలు, విసిరిన కాయ అన్న వరస అక్కడా మారదు. కాయకి బదులు బెండుపలక ఉంటుంది, అంతే.

నేల మీది ఆటల్లో డెల్టాకి ఒక ఇబ్బంది ఉంది. సార్వా కొయ్యగానే దాళ్వాకి నీళ్ళు పెడతారు, పొలం ఎప్పుడూ తడే. ఆరిన నల్లరేగడి అయితే నెర్రెలిచ్చి మడమ మెలిపెడుతుంది. అందుకే ఆటలన్నీ బడి ఆవరణలో, కళ్ళంలో, కొబ్బరితోటల్లో. తోటలో ఆడేటప్పుడు ముందు తలెత్తి చూసుకోవాలి. ఎండుమట్ట వేలాడే చెట్టు కింద గీత గియ్యకూడదు.

చెడుగుడుకి ఇసుక పోసి, పైన ఊకో రంపంపొట్టో చల్లుతారు. బెరుకున్నవాడికి మొదట కూత ఒక్కటే నేర్పాలి. గుక్క తిప్పుకోకుండా "కబడ్డీ, కబడ్డీ" అని ముప్ఫై సెకన్లు అనగలిగితే చాలు, కూతకి ఉన్న గడువూ అంతే. ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు. మైదానంలో మొదటి కూతకి పంపేటప్పుడు "ఎవర్నీ ముట్టుకోవద్దు, బాక్ లైన్ దాటి వెనక్కి వచ్చెయ్" అనాలి. మధ్యగీత నుంచి ఆ గీత మగవాళ్ళ కోర్టులో 3.75 మీటర్లు, ఆడపిల్లలకి 3 మీటర్లు. దాన్ని దాటకపోతే అవుట్. దాటి తిరిగొస్తే పాయింటు రాకపోయినా నష్టం లేదు. పాయింటు తెమ్మని పంపిన పిల్లాడు వణుకుతాడు. గీత దాటి రమ్మంటే వెళ్ళొస్తాడు. మూడో నాలుగో కూతలో వాడి కాలి బొటనవేలు తనంతట తనే ఎవరో ఒకరి వైపు సాగుతుంది.

పట్టేటప్పుడు కొత్తవాణ్ణి మూలన నిలబెట్టకూడదు. ఇద్దరు అలవాటైనవాళ్ళ మధ్య, రెండు చేతులూ వాళ్ళ చేతుల్లో ఉండేలా గొలుసులో కలపాలి. పడటం కూడా ముందే నేర్పాలి. అరచెయ్యి చాచి పడితే మణికట్టు పోతుంది. గడ్డం రొమ్ముకి ఆనించి భుజం పక్కగా దొర్లాలి. మొలతాడుకి తాయెత్తు ఉంటే తీసేసి రావాలి, లేకపోతే పట్టినవాడి వేలు చీలుతుంది. గోళ్ళు కత్తిరించుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

ఆడపిల్లల సంగతి వేరు. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీద నిలబడి, వంగి, బిళ్ళ తీసుకుని గీత తొక్కకుండా వచ్చే పిల్లకి ఉన్న నిలకడ ఏ ఆటకైనా పెట్టుబడి. ఆ పిల్లే పెద్దమనిషి కాగానే అరుగు దిగనిచ్చేవారు కాదు. ఆట మీద ఇష్టం లేక మానేసినవాళ్ళు కారు వాళ్ళు. ఇప్పుడు కూడా పన్నెండు పదమూడేళ్ళ పిల్ల హఠాత్తుగా "నేను రాను" అంటే ముందు బట్టల సంగతి, బళ్ళో మరుగుదొడ్డి సంగతి, నెలసరి సంగతి అమ్మ గానీ పిన్ని గానీ కనుక్కోవాలి. వదులైన ట్రాక్‌ప్యాంటుతో తీరిపోయే మొహమాటాన్ని బద్ధకం అనుకుని పోరు పెట్టేవాళ్ళు చాలామంది.

కంటిచూపు ఇంకొకటి. బంతి వస్తుంటే మొహం తిప్పేసుకునే పిల్లాణ్ణి పిరికివాడనే ముందు, రోడ్డు మీద దూరంగా వచ్చే ఆర్టీసీ బస్సు బోర్డు చదవమనండి. మీకన్నా ఆలస్యంగా చదివితే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

బ్యాడ్మింటన్‌కి మన దగ్గర గిరాకీ పెరగడానికి కారణం అందరికీ తెలుసు. 2014 లో చైనా ఓపెన్ ఫైనల్లో చైనా మేటి ఆటగాడు లిన్ డాన్‌ని ఓడించిన కిదాంబి శ్రీకాంత్ రావులపాలెంలో పుట్టినవాడు. అదే, అరటిగెలల మార్కెట్ ఉన్న ఊరు. చిరాగ్ శెట్టితో కలిసి హాంగ్‌జౌ ఆసియా క్రీడల డబుల్స్‌లో బంగారు పతకం తెచ్చిన సాత్విక్‌సాయిరాజ్ అమలాపురం అబ్బాయి. దాంతో ఆరేళ్ళ పిల్లల చేతుల్లోకి కూడా పెద్ద రాకెట్లు వచ్చేశాయి. పిల్లాడు పది సర్వీసుల్లో తొమ్మిది గాలిలో ఊపుతాడు. వెనక నాన్న "చూసి కొట్టరా" అంటుంటాడు. వారం తిరిగేసరికి రాకెట్ అటక మీదుంటుంది.

వెనకటి రోజుల్లో పెద్దవాళ్ళు అయిదుగురేసి పసుపు ఉన్నిబంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్ కోర్టు పక్కన పిల్లలు చీకటిపడేదాకా బంతులు అందిస్తూ ఉండేవారు. ఆట ముగిశాక అయిదు నిమిషాలు రాకెట్ వాళ్ళ చేతికొచ్చేది. ఆ అయిదు నిమిషాల కోసం రెండు గంటలు నిలబడేవారు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళకైతే ముందు ఊదిన బుడగ ఇవ్వాలి. మెల్లగా దిగుతుంది, కొట్టడానికి తీరిక దొరుకుతుంది. తర్వాత నైలాన్ షటిల్. దాని కార్కు చుట్టూ ఉండే పట్టీ రంగు వేగాన్ని చెబుతుంది: ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యరకం, ఎరుపు వేగం. వేడిగాలిలో షటిల్ ఇంకా దూరం పోతుంది కాబట్టి మన ఎండలకి ఆకుపచ్చదే నయం. నెట్ 1.55 మీటర్ల ఎత్తులో కట్టక్కర్లేదు, పిల్లాడి భుజం ఎత్తున ఒక తాడు చాలు. పిడిని అట్లకాడలా పట్టుకుంటే మణికట్టు తిరగదు. ఎవరికో షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టించాలి, చిన్నవాళ్ళయితే పిడి కాస్త పైకి.

ఉక్కపోత రోజుల్లో అయిదు దాటాక మొదలుపెట్టి గంటలో ఆపెయ్యాలి. వాడింకా ఆడతానంటున్నప్పుడే ఆపితే మర్నాడు వాడే ముందు బయల్దేరతాడు. అలసిపోయి ఏడ్చేదాకా ఆడిస్తే మర్నాడు మళ్ళీ కడుపునొప్పే.

పోటీ అంటే భయపడేవాణ్ణి ఆగస్టు పదిహేనుకో జనవరి ఇరవయ్యారుకో బళ్ళో మొదటిసారి నిలబెట్టాల్సి వస్తే పరుగుపందెంలో వద్దు. అందులో చివర వచ్చినవాడు ఒక్కడే ఊరందరికీ కనిపిస్తాడు. గోనెసంచి పందెం మేలు. అందులో అందరూ పడతారు, జనం అందరినీ చూసి నవ్వుతారు, పడ్డవాడు కూడా నవ్వుతూనే లేస్తాడు. గెలిచినవాడికి స్టీలు గ్లాసు. నాలుగు రోజుల ముందు పెరట్లో సాధన చేయిస్తే సరిపోతుంది. సంచి పిల్లాడి రొమ్ము దాటకూడదు, పెద్ద గోనె అయితే పైన మడతపెట్టి పురికొసతో కుట్టాలి. రెండు కాళ్ళూ సంచి రెండు మూలల్లోకి పూర్తిగా దూర్చి, బొటనవేళ్ళతో గోనెని బిగించాలి. అంచుని నడుం దగ్గర రెండు చేతులతో పైకి లాగిపట్టాలి, వదులైతే కాలు అంచు తొక్కుతుంది. జానెడు జానెడు గెంతాలి. పెద్ద గెంతు వేసినవాడే ముందు పడతాడు. పడితే సంచిలోంచి కాళ్ళు తియ్యకుండా పక్కకి దొర్లి మోకాళ్ళ మీద లేవాలి. కొత్తవాళ్ళు కాళ్ళు బయటికి తీసి మళ్ళీ దూర్చుకోబోతారు, ఆ లోపల పందెం అయిపోతుంది. ఇంకొక్క సంగతి. ధాన్యం పోసిన సంచిని ముందురోజే బాగా దులిపి, ఉతికి, ఎండలో వెయ్యాలి. లేకపోతే వడ్లనూగు తొడలకి పట్టి రాత్రంతా దురద, కొబ్బరినూనె రాసినా ఓ పట్టాన వదలదు.